హద్దురాయికి కప్పిన శాలువా

తహసీల్దార్ సారు ఇక లేరు. మొన్న పొద్దున చెరువుకట్ట మీది నుంచి వచ్చి, చాయ్ పెట్టమని అరుగు మీద కూర్చున్నారట. చాయ్ వచ్చేసరికి ప్రాణం లేదు. సారు భార్యను మేమంతా అమ్మ అనే అంటాం. ఆమె గోడ అవతలి నుంచి నన్ను పిలిచిన పిలుపు ఇంకా చెవుల్లోనే ఉంది.

సుల్తానాబాద్ దగ్గరి మా ఊరికి ఆయన చుట్టం కాదు, పక్కం కాదు. ఇక్కడ ఉద్యోగం చేస్తున్నప్పుడు మా చెరువు శిఖంలో, అంటే నిండు నీళ్లకు మునిగే నేలలో, ఒక పెద్దమనిషి మట్టి పోయించి ప్లాట్లు చేస్తుంటే అడ్డం పడ్డారు. పోసిన మట్టినంతా తీయించేసి చుట్టూ హద్దురాళ్లు పాతించారు. చెరువు కింద పొలాలున్న మాకు నోటికాడి ముద్ద ఆ రాళ్ల వల్లే దక్కింది. ఆయన కుర్చీ మాత్రం దక్కలేదు. ఆదిలాబాద్ కొసకు బదిలీ చేశారు.

వీడ్కోలు రోజు ఆ పెద్దమనిషే నవ్వుకుంటూ వచ్చి శాలువా కప్పాడు. సారు కాదనలేదు. అటునుంచి అటే చెరువుకు నడిచి, దాన్ని మొదటి హద్దురాయికి కప్పారు.

"నాకంటే దీనికే ఎక్కువ సలి పెడ్తది. నేను పోత, ఇది ఈడనే ఉంటది" అన్నారు.

ఊరంతా నవ్వింది. పెద్దమనిషి ఒక్కడే నవ్వలేదు.

ఆ తర్వాత ఆయనకు ఇచ్చినవన్నీ ఈగలు తోలుకునే ఉద్యోగాలే. ఎక్కడ వేసినా కుర్చీ వరండాలోకి లాక్కుని కూర్చునేవారట. జనం రాని ఆఫీసుకు జనం రావడం మొదలయ్యేది, మళ్లీ బదిలీ అయ్యేది. తప్పయిందని ఒక్క ఫోన్ చేస్తే చాలు, వెనక్కి వేస్తామని కబురు పంపినవాళ్లున్నారు. ఆయన చేయలేదు. ప్రమోషన్ లేకుండానే రిటైరై, సొంతూరికి పోకుండా మా పక్కింట్లో కిరాయికి దిగారు. రోజూ పొద్దున చేతికర్రతో ఒక్కో రాయినీ తట్టుకుంటూ వచ్చేవారు. రాళ్లకు హాజరు వేశారా సార్ అని నేను ఆటపట్టించేదాన్ని.

"కుర్చి గుంజుకున్నరు బిడ్డా, కండ్లు గుంజుకోలే గదా" అనేవారు.

ఆయన శవం మీదికి కూడా ఆ పెద్దమనిషి శాలువాతోనే వచ్చాడు. కప్పి, ఫోటో దిగి పోయాడు. అమ్మ ఏడుపు ఆపి, దాన్ని తీసి మడిచి నా చేతిలో పెట్టింది.

"ఇది సారుది గాదు బిడ్డా. గా రాయికి కప్పి రాపో."

దహనం అయ్యాక స్నానాలకు అందరం చెరువుకు వెళ్లాం. రాయి లేదు. ఒక్కటి కూడా లేదు. ఊరంతా కాటి దగ్గర ఉన్న కాస్త సేపట్లో ఎవరిదో ట్రాక్టర్ వచ్చి అన్నిటినీ పీకి కట్ట కింద పడేసి పోయింది. దుఃఖం పోయి ఒళ్లు మండింది నాకు. ఎవరూ ఎవరికీ చెప్పలేదు. మునిగి లేచినవాళ్లు లేచినట్టే తడిబట్టలతో రాళ్లు మోసుకొచ్చి, పాత గుంతల్లోనే నిలబెట్టారు. ఆడవాళ్లం చుట్టూ మట్టి తొక్కాం.

మా పెద్దబాపు నడుం పట్టుకుని లేచి, "మల్ల పీకనీ. ఊర్లె సావులు ఆగుతయా? ప్రతి సావుకు తానానికి ఈడికే వస్తం. వచ్చినప్పుడల్ల పాతుతం" అన్నాడు.

శాలువా మొదటి రాయికి కప్పి, గాలికి పోకుండా ముడి వేశాను.

దినాలు కాకముందే గడప దాటొద్దని చుట్టాలు ఎంత చెప్పినా అమ్మ వినలేదు. ఇవాళ పొద్దున సారు చేతికర్ర పట్టుకుని బయల్దేరింది. నేను వెనకాలే నడిచాను. చెరువు చుట్టూ ఒక్కో రాయినీ తట్టుకుంటూ పోయింది.