ఉప్పుకాలువ మీద నాలుగో సంతకం

మా ఆయన అసెంబ్లీలో ఏం ఒరగబెట్టాడని ఎవరైనా అడిగితే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది. రెండు బడులకు పైకప్పు వేయించాడు. మూడు ఊళ్ళలో మంచినీళ్ళ బావులు తవ్వించాడు. తోటపల్లి గూడూరు వైపు చివరి పొలాలకు నీళ్ళందడం లేదని ఒకే ప్రశ్న మూడు సమావేశాల్లో అడిగి, మంత్రులకు విసుగు పుట్టించి మరీ సాధించాడు. ఇవన్నీ అచ్చయిన సభా కార్యక్రమాల పుస్తకాల్లో ఉన్నాయి. ఆ పుస్తకాలు మా ఇంట్లో ట్రంకు పెట్టెలో ఉన్నాయి. కావలసినవాళ్ళు వచ్చి చూసుకోవచ్చు. కానీ ఆయన అన్నిటికంటే ఎక్కువగా తిరిగింది ఒక వంతెన కోసం. అది ఆయన చేతుల మీదుగా రాలేదు. ఎందుకు రాలేదో ఆ పుస్తకాల్లో ఉండదు. నాకు తెలుసు.

అరవైల మొదట్లో మాట ఇది. సముద్రం ఒడ్డున ఉన్న ఆ పాళెంలో అందరూ చేపలు పట్టి బతికేవాళ్ళే. పాళేనికీ మా వైపు ఊళ్ళకూ మధ్య ఉప్పుకాలువ అడ్డం. ఎండాకాలంలో పడవ మీద దాటడం పెద్ద పనేం కాదు. కార్తీకంలో వాయుగుండం పట్టిందంటే మాత్రం కాలువ పొంగి, రెండేసి రోజులు పడవ కదిలేది కాదు. ఆసుపత్రి కాలువకు ఇవతల. కాన్పులు మాత్రం వానలు వెలిసేదాకా ఆగవు కదా.

మా ఇంటికి చేపలు తెచ్చే మనిషిది ఆ పాళెమే. నాకంటే రెండు మూడేళ్ళు చిన్నది, నన్ను అక్కా అనేది. వసారాలో గంప దించి, స్తంభానికి ఆనుకుని కూర్చుని, ముందు నా చేత ఒక చెంబుడు మజ్జిగ పోయించుకుని, గటగటా తాగి, ఆ తర్వాతే బేరానికి దిగేది. మజ్జిగ తాగిన నోటితోనే నాతో పోట్లాడేది కూడా. ఆమెకు తొలికాన్పు వానల్లోనే వచ్చింది. పడవ కోసం కాలువ గట్టు మీద పడిగాపులు పడుతుండగానే బిడ్డ పోయింది. తర్వాత పుట్టిన ఒక్క కూతురే మిగిలింది. ఆ పిల్ల గంప వెనకాలే వచ్చి, "పెద్దమ్మా" అంటూ నా చేతిలో గవ్వలు పోసేది. ఆ పిల్లకు పాళెంలోనే పెళ్ళి చేశారు.

"నా గతి దానికి పట్టగూడదక్కా. అయ్యతో చెప్పి ఆ వంతెనేదో ఏయించు," అందొకరోజు.

నేను గొప్పకు పోయి, "నీ కూతురు కాన్పుకు వంతెన మీద నడిచే వస్తుంది చూడు," అన్నాను. నా నోరు అలాంటిది. ఆయన్ను అడక్కుండానే మాట ఇచ్చేశాను.

ఆయన మాత్రం ఆ మాటను తన మాటగానే తీసుకున్నాడు. హైదరాబాదు వెళ్ళి మంత్రిగారి గది ముందు రోజుల తరబడి కూర్చున్నాడు. మా పార్టీయే అధికారంలో ఉంది, అయినా మంత్రిగారు మెలిక పెట్టారు. వంతెన దిగాక రోడ్డు పక్క నియోజకవర్గంలో పోవాలి, అక్కడి సభ్యుడు ఎదుటి పార్టీ, రేపు ఆయన సభలో లేచి గోల చేస్తాడు. అందుకని చుట్టుపక్కల సభ్యులు నలుగురూ, ఏ పార్టీ వాళ్ళయినా సరే, ఒకే అర్జీ మీద సంతకాలు పెడితే పని చేయిస్తానన్నారట.

ఆయన తెల్లకాగితం మీద తన గుండ్రటి అక్షరాలతో అర్జీ రాసి, మడత పెట్టి, జుబ్బా జేబులో పెట్టుకుని బయలుదేరాడు. మొదటి సంతకం తనదే. రెండోది మా పార్టీలోనే ఉండి మా ఆయనంటే గిట్టని సభ్యుడిది. ఆయన ఇంటికి నాలుగుసార్లు వెళ్ళాడు, మూడుసార్లు అరుగు మీదే కూర్చోబెట్టి పంపారు. నాలుగోసారి లోపలికి పిలిచి, కాఫీ ఇచ్చి, చదవకుండానే సంతకం చేశారు. మూడోది కూలీల పక్షం సభ్యుడిది. ఆయన బస్టాండులో బల్ల మీద కాగితం పెట్టుకుని, టీ గ్లాసు పక్కకు జరిపి, "దీనికి పార్టీ ఏందన్నా, యాడ పెట్టాల?" అని అప్పటికప్పుడు పెట్టేశాడు. ఆ రోజు మా ఆయన ఇంటికొచ్చి పాట పాడుకుంటూ స్నానం చేశాడు. ఆయన పాడగా నేను విన్నది ఆ ఒక్కసారే.

మిగిలింది నాలుగో సంతకం, ఆ పక్క నియోజకవర్గం సభ్యుడిది. ఆ నాలుగో మనిషి పేరు వింటేనే నాకు కడుపు రగిలిపోయేది.

ఎందుకో చెబుతాను. అంతకు రెండేళ్ళ ముందు ఎన్నికలప్పుడు ఆయన తన పార్టీ మనిషి తరఫున మా ఊళ్ళకు వచ్చి, మీటింగులో మైకు పట్టుకుని, "ఈయనకు ఓటేస్తే ఈయన పెండ్లానికి ఏసినట్టే. ఇంట్లో పెండ్లాం ముందర నోరెత్తలేనోడు అసెంబ్లీలో ఏం మాట్లాడతాడు?" అన్నాడు. జనం ఈలలు వేసి నవ్వారు. మా ఆయన కూడా విని నవ్వి ఊరుకున్నాడు. నాకు మాత్రం తల కొట్టేసినట్టయింది. చేపల గంప వచ్చిన రోజు, ఆమె ముందు కూర్చుని ముక్కు చీదుకుంటూ ఏడ్చాను.

ఆమె వెళ్ళి పాళెంలో చెప్పింది. పెద్దలు కూర్చున్నారు. దురాయి వేశారు. దురాయి అంటే పాళెం అంతటికీ వేసే కట్టు. ఇక ఆ మనిషికి పాళెంలో ఎవరూ మంచినీళ్ళు ఇవ్వకూడదు, చేప అమ్మకూడదు, పడవ ఎక్కించుకోకూడదు. వేశాక దాన్ని సముద్రం మీదా ఒడ్డు మీదా ఎవరూ దాటరు. ఎవరి పక్షాన, ఎవరి కోసం వేశారో వాళ్ళే వచ్చి, పెద్దల ముందు తమలపాకులు పెట్టి, "నా మనసులో ఏం లేదు" అంటేనే తీస్తారు. మా ఇంటి కోసం ఒక ఊరు ఊరంతా నిలబడిందని నేను ఎంత మురిసిపోయానో! మా ఆయనకు మాత్రం చెప్పలేదు. చెబితే ఆ క్షణమే వెళ్ళి తీయించమంటాడని తెలుసు.

ఇప్పుడు ఆ నాలుగో మనిషి, మా ఆయన పదిసార్లు అడగ్గా అడగ్గా, సగం దిగివచ్చాడు. "ముందు ఆ కాలువా ఆ పాళెమూ చూపించండి, చూసినాక పెడతా," అన్నాడట. రోజు కూడా చెప్పాడు.

నాలుగు రోజుల ముందు చేపలామె వచ్చింది. మజ్జిగ తాగి, చెంబు బోర్లించి, గొంతు తగ్గించి అడిగింది. "ఆయనొస్తాడంట గదక్కా. దురాయి ఉండాది. నువ్వొచ్చి ఒక్క మాట చెప్పు, తీసేస్తారు. పెద్దోళ్ళతో నేను మాట్లాడిపెడతా."

"ముందు ఆయన్ను వచ్చి నాకు క్షమాపణ చెప్పమను," అన్నాను.

"అట్టగాదక్కా, పిల్లకు మూడో నెల," అంది.

"చూద్దాంలేవే," అన్నాను. ఆ చూద్దాంలే నన్ను ఇన్నేళ్ళుగా కాల్చుకు తింటోంది.

ఆ రోజు నేను కూడా వెళ్ళాను. మొలగొలుకుల అన్నం, మామిడికాయ వేసిన బొంత చేపల పులుసు క్యారియర్లలో సర్దుకుని ఎడ్లబండిలో కూర్చున్నాను. ఆ పెద్దమనిషి కారు ఇసుక మొదలైన చోట ఆగింది. అక్కడి నుంచి కాలువ దాకా, ఇస్త్రీ పంచె ఎత్తిపట్టుకుని నడిచి వచ్చాడు. నన్ను చూసి చేతులు జోడించి, "ఎన్నికల్లో నోటికొచ్చింది అంటా ఉంటాం లేమ్మా. అవన్నీ ఎవురు గుర్తుపెట్టుకుంటారు?" అని నవ్వాడు. ఇప్పుడు తలుచుకుంటే, అది ఆయనకు చేతనైన క్షమాపణ అనిపిస్తుంది. అప్పుడు నాకు ఆ నవ్వే కనిపించింది. తల తిప్పుకున్నాను.

మా ఆయన చెయ్యెత్తి పడవను పిలిచాడు. పడవ సగం దూరం వచ్చి ఆగిపోయింది. గెడ నీళ్ళలో గుచ్చి నిలబడి పడవవాడు అరిచాడు. "అయ్యా, నువ్వు రా. అమ్మను రమ్మను. ఆయన్ను ఎక్కించుకోలేం. దురాయి ఉండాది."

మా ఆయన నీళ్ళ అంచుదాకా దిగాడు. "దురాయా? ఎవురేసినారు? దేనికేసినారు?"

"ఊరేసిందయ్యా," అన్నాడు వాడు. అని బండి వైపు చూశాడు.

అవతలి గట్టు మీద పాళెం పెద్దలు నలుగురు నిలబడి ఉన్నారు. వాళ్ళ పక్కనే చేపలామె, ఆమె కూతురు. చేపలామె చెయ్యి పైకెత్తి ఊపుతోంది. ఆ చేతిలో పచ్చగా తమలపాకులు. అంతా సిద్ధం చేసిపెట్టుకుంది మహాతల్లి. నేను బండి దిగి పడవెక్కి, అవతల ఒక్క మాట అంటే చాలు. కానీ దిగితే, ఈ దురాయి నా ఏడుపు కోసం వేసిందని ఆ మనిషికి తెలిసిపోతుంది. పెండ్లాం పెత్తనమని మైకులో అన్నది నిజమేనని ఇంకోసారి నవ్వుతాడు. మా ఆయనకూ తెలిసిపోతుంది. క్యారియర్ల మీద చేతులు పెట్టుకుని అలాగే కూర్చున్నాను.

ఎండలో గంటసేపు నిలబడ్డారు. మా ఆయన అరిచాడు, బతిమాలాడు, పడవ ఇస్తే తానే తోసుకొస్తానన్నాడు. ఎవరూ కదల్లేదు. చివరికి ఆ పెద్దమనిషి కండువాతో ముఖం తుడుచుకుని, "సంతకం వొద్దనుకుంటే ఇంటికాడే చెప్పుండొచ్చు గదయ్యా. ఇంత దూరం తీసుకొచ్చి మీ జనం చేత చెప్పించాల్నా?" అన్నాడు. వెనక్కి తిరిగి ఇసుకలో నడుచుకుంటూ వెళ్ళిపోయాడు. మా ఆయన కారు దాకా వెనకే పరిగెత్తాడు. ఆ పులుసు ఎవరూ తినలేదు.

ఇంటికొస్తూ దారిలో అడిగాడు. "నీకేమన్నా తెలుసునా?"

"నాకేం తెలుసు?" అన్నాను.

తర్వాతి సమావేశంలో మా ఆయన మూడు సంతకాలతోనే వంతెన సంగతి సభలో ఎత్తాడు. ఆ పెద్దమనిషి లేచి, ఆ పాళెం వాళ్ళకు వంతెన అవసరమే లేదనీ, వాళ్ళకు పడవలున్నాయనీ, ఎవరిని ఎక్కించుకోవాలో ఎవరిని దించాలో వాళ్ళకు బాగా తెలుసనీ అన్నాడు. పుస్తకంలో ఆ మాట పక్కనే, బ్రాకెట్లలో, నవ్వులు అని అచ్చేశారు. ఆ పేజీ మూల మడిచి ఉంది. మడిచింది ఆయనే. మంత్రిగారు ఏకాభిప్రాయం వచ్చాక చూద్దామన్నారు.

ఆ ఏడు కార్తీకంలో వాయుగుండం పట్టింది. చేపలామె కూతురికి తెల్లవారుజామున మొదలైన నొప్పులు సాయంత్రమైనా తెమలలేదట. మంచం మీద ఆ పిల్లను గట్టు దాకా మోసుకొచ్చారు. కాలువ పొంగి ఉంది. పడవ రెండుసార్లు వేశారు, రెండుసార్లూ ప్రవాహం తిప్పికొట్టింది. పొద్దుగూకే వేళకు తల్లీ బిడ్డా ఇద్దరూ పోయారు. కబురు మాకు మూడో రోజు నీళ్ళు తగ్గాక అందింది. మా ఆయన జుబ్బా జేబులోంచి ఆ అర్జీ తీసి, విప్పి, మళ్ళీ మడిచి, గోడ వైపు తిరిగి పడుకున్నాడు. నేను పెరట్లోకి పోయి నోట్లో కొంగు కుక్కుకుని ఏడ్చాను. గట్టిగా ఏడ్చే హక్కు కూడా నాకు లేదనిపించింది.

నెల దాటాక చేపలామె వచ్చింది. చిక్కి సగమైంది. గంప దించి స్తంభానికి ఆనుకుని కూర్చుంది. మా ఆయన గదిలోంచి బయటికి వచ్చాడు. ఆమె లేవబోతే వద్దని, తానే గడప మీద కూర్చున్నాడు.

"అమ్మా, నాకొక్క మాట చెప్పు. పెద్దోళ్ళనడిగితే ఊరి మాట అంటున్నారు. ఆ దురాయి ఎవురి కోసం ఏసినారు? నా వల్ల ఏమన్నా తప్పు జరిగిందా?"

ఆమె నా వైపు చూసింది. చాలాసేపు చూసింది. ఆ చూపులో కోపముంటే బాగుండేది.

"ఎవురి కోసమూ గాదయ్యా," అంది. "ఊరి మాట. నీ తప్పేం లేదు."

ఆయన తలూపి లోపలికి వెళ్ళిపోయాడు. బతికున్నన్నాళ్ళూ, తానే ఎక్కడో ఏదో తప్పు చేశాననుకుంటూనే బతికాడు. నేనూ చెప్పలేదు.

నేను వంటింట్లోకి పోయి, మజ్జిగ తెచ్చి చెంబు చాచాను. ఆమె చేపలు నా పళ్ళెంలో పెట్టి, గంప నెత్తికెత్తుకుని, "వొద్దులే అక్కా," అంది.

ఆ తర్వాత కూడా ఎన్నో ఏళ్ళు మా ఇంటికి చేపలు తెచ్చింది. అక్కా అనే పిలిచింది. మా ఇంట్లో మజ్జిగ గానీ మంచినీళ్ళు గానీ మళ్ళీ ఏనాడూ ముట్టుకోలేదు.