కర్ర లేచినప్పుడు ఆగిన వాచీ

ప్రతి ఆదివారం మేం నలుగురు స్నేహితులం రాజపాళయం పడమటి కొండ మీదికి పరుగెత్తుతాం. మాలో ఒక కట్టుబాటు ఉంది. ముందు పైకి చేరినవాడు మళ్లీ దిగి, వెనకబడ్డవాణ్ని వెంటబెట్టుకుని రావాలి.

ఈ రోజు ముందు చేరింది నేను. వెనకబడింది రాంకుమార్. నేను దిగుతూ మామిడి తోట మలుపు తిరిగేసరికి కావలివాడు వాణ్ని కర్రతో బాదుతున్నాడు. పరుగులో తినడానికి నడుముకు కట్టుకున్న ఖర్జూరాల సంచీ ఉబ్బెత్తుగా కనబడి, మామిడికాయలు దొంగిలించాడనుకున్నాడు. "దొంగ గాకుంటే ఇంత పొద్దున్నే ఎవురురా పరిగెత్తేది?" అంటూ మోకాలి మీద ఒకటి, పడ్డాక వీపు మీద రెండు, చెయ్యి అడ్డం పెడితే వేళ్ల మీద ఒకటి. పెదవి రాయికి కొట్టుకుని చీలింది.

నేను చేసిన మొదటి పని పరుగు లెక్కగట్టే నా వాచీ ఆపడం. పరుగు ఆగితే చెయ్యి దానంతటదే అక్కడికి పోతుంది. ఆ తర్వాతే వెళ్లి కర్ర పట్టుకున్నాను. సంచీ విప్పి చూపించాకగానీ కావలివాడు వదల్లేదు.

ఆస్పత్రికి పోయే ఆటోలో రాంకుమార్ మెల్లగా అడిగాడు.

"అన్నా, నేను దెబ్బలు తింటా ఉంటే నువ్వు వాచీ ఆపినావు కదా?"

"అలవాటురా."

"మళ్లీ ఎప్పుడు ఆన్ చేసినావు?"

వాణ్ని పట్టుకుని కొండ దిగడం మొదలుపెట్టినప్పుడు. రెండో చేత్తో వాచీ కప్పుకున్నాను.

వాచీ ఆపిన నిమిషాలు లెక్కలోకి రావు; ఫోన్‌లో అందరికీ కనబడే లెక్క చూస్తే నా పరుగు ఎక్కడా ఆగినట్టే లేదు. పొద్దుట్నించీ అందరూ శభాష్ అంటున్నారు. మీరైనా నాలుగు తిట్టండి.