ఎరుపు వస్తే కొండకు

ఎండలు ముదిరే పంగుని నెల, శుక్రవారం సాయంత్రం, తమిళనాడులోని కోవిల్‌పట్టి బస్టాండు. ఉన్నవాళ్లం: నేను, నా భార్య, మా బెంచీ మీదే ఒక యువకుడు.

అతను ఫోనులో తెలుగు మాట్లాడుతుంటే పలకరించాం. వెంటనే మా చేతుల్లో వేరుశనగ మిఠాయి పెట్టాడు.

"విరుదునగరం ఆస్పత్రిలో నాకు పాప పుట్టిండాది, తాతా. ఇంకా సూడలే."

"పాపని సూడకుండా ఈడ మిఠాయి పంచుతుండావా?" అంది నా భార్య.

కొండ అడవిలో మంటల కాపలా అతని పని. ఎండ, గాలి, ఎండుగడ్డి చూసి, మర్నాడు అడవి అంటుకునే ప్రమాదం ఎంతో రోజూ సాయంత్రం రంగుతో చెబుతారట.

"ఆరంజి వస్తే పాప కాడికి పోతా. ఎరుపు వస్తే లీవు లేదవ్వా, కొండకే."

నా భార్య మిఠాయిని కొంగున ముడివేసుకుంది. "నువ్వు పాపని సూసేదానికి పోయినంకనే తింటా."

మేమూ అతని ఫోనునే చూస్తూ కూర్చున్నాం. విరుదునగరం బస్సు వచ్చి వెళ్లిపోయినా ఎవరమూ లేవలేదు. పరీక్ష ఫలితాలకు కూడా నేనంత ఆత్రపడలేదు.

ఫోను మోగింది. ఎరుపు.

అతను కొంచెం నవ్వి, పరుగెత్తి కొండవైపు పోయే రాజపాళయం బస్సెక్కాడు.

మర్నాడు తెల్లవారేసరికి మా వీధి తడిసి ఉంది. పడమట, అతని కొండల మీద వాన ఇంకా కురుస్తూనే ఉంది. నా భార్య కొంగు ముడి విప్పి, మిఠాయిని రెండుగా విరిచి, సగం నా చేతిలో పెట్టింది.