రాజుకు పెట్టిన ఐబులు

నా చారిత్రక ప్రేమ నవలలు చదివినవాళ్ళు దేశం నలుమూలల నుంచీ, అంటే బోధన్ నుంచీ ఎల్లారెడ్డి నుంచీ, నన్ను అడిగేది ఒకటే. మీ రాజులంతా ఎందుకిట్లుంటారని. నిజమే మరి. ఒకడికి గుర్రమంటే భయం, యుద్ధానికి ఎడ్లబండి కట్టించుకుని పోతాడు. ఇంకొకడు రాజకుమారికి ప్రేమలేఖ రాసి కింద పేరు పెట్టడం మరిచిపోతాడు. ఆ పిల్ల అది పక్కదేశపు రాజు రాశాడనుకొని అతనికి జవాబు రాస్తుంది. రెండువేల సంవత్సరం దాటాక ఒక సభలో ఒక పెద్దాయన లేచి, ఇది వీరత్వాన్నే నిలదీసే కొత్త ధోరణి అన్నాడు. నేను గంభీరంగా తలూపి శాలువా కప్పించుకున్నాను. అసలు సంగతి చెప్తే శాలువా వెనక్కి తీసుకుంటారని భయం. ఆ ధోరణి బాన్సువాడలో, మా గల్లీలో, బీడీలు లూజు కాకుండా చేసుకున్న ఏర్పాటు.

తొంభైల మొదట్లో నా డిగ్రీ పూర్తయింది. ఆ వార్త తెలిసి ఉద్యోగాలన్నీ హైదరాబాదు దాకా పారిపోయాయి. మా అమ్మ బీడీలు చేసేది. గల్లీ ఆడవాళ్ళంతా ఒక రేకుల పందిరి కింద కూర్చుని చేసేవాళ్ళు. ఎండాకాలం ఆ రేకు మీద రొట్టెలు కాల్చుకోవచ్చు, కింద మనుషులు ఉడుకుతుండగా. ఒళ్ళో చాట, చాటలో కత్తిరించిన తునికాకు, తంబాకు. ఆ ఘాటుకు దారిన పోయే గొర్రెలు వరసగా తుమ్ముకుంటూ పోయేవి. అందరికంటే పెద్దావిడను అవ్వ అనేవాళ్ళం. ఆ పందిరికి ఆమే సర్పంచి, ఆమే జడ్జి, వాన పడేదీ లేనిదీ చెప్పేదీ ఆమే.

ఒకరోజు అవ్వ నన్ను చూసి, "ఏంది కొడుకా, గోడకు సున్నమేసినట్టు ఊకె ఆనుకుని నిలవడ్డవు. సదువుకున్నవు గదా, ఏదన్న కత సదివి ఇనిపియ్. చేతులకు పనున్నది, చెవులు ఖాళీగున్నై" అన్నది.

అట్లా నాకు మొదటి ఉద్యోగం దొరికింది. జీతం చాయ.

పుస్తకాల కోసం కాలువ పక్కన వలస రైతుల క్యాంపుకు సైకిలు తొక్కాను. అక్కడ కోస్తా నుంచి వచ్చి వరి పండించుకుంటున్న ఒక పెద్ద రైతు ఉండేవాడు. ఆయన వస్తూ వస్తూ నాగలి కంటే ముందు ఒక ట్రంకుపెట్టె నిండా పాత చారిత్రక నవలలు తెచ్చుకున్నాడు. అడగ్గానే పసిబిడ్డను ఇచ్చినట్టు రెండు చేతులతో ఒక నవల ఇచ్చాడు. "మంచి రొమాన్సండి. యువరాజుని చూస్తే మీరే ప్రేమలో పడిపోతారు" అన్నాడు.

నేను పడలేదు. పందిరి పడింది. యువరాజు విశాలమైన ఛాతీ దగ్గరికి వచ్చేసరికి చేతులు నెమ్మదించాయి. ఉంగరాల జుట్టు దగ్గర దారాలు వదులయ్యాయి. రాజకుమారి చెయ్యి పట్టుకున్న చోట పందిరంతా నిట్టూర్చింది. ఆ గాలికి తంబాకు ఎగిరి మహారాష్ట్ర సరిహద్దులోని మద్నూర్ దాకా పోయి మరాఠీలో తుమ్ములు వినిపించాయని నా అంచనా. ఒక్క జత చేతులు మాత్రం ఆగలేదు. అవతలి మూలన తల్లి పక్కన కూర్చున్న పిల్లవి. గల్లీలో అందరికంటే వేగంగా బీడీలు చేసేది ఆమె. ప్రేమ వచ్చినా, యుద్ధం వచ్చినా, యువరాజు చొక్కా లేకుండా నదిలో దిగినా ఆ వేళ్ళు ఒక్కటే నడక. నేను పుస్తకం వైపు చూస్తూ ఆ వేళ్ళకే చదివేవాణ్ణి.

వారం తిరిగేసరికి కార్ఖానా నుంచి బీడీలు పరీక్షించే మనిషి వచ్చాడు. ఒక్కొక్కటీ వేళ్ళ మధ్య నొక్కి పక్కకు పారేస్తూ, "ఏమైతుంది మీ పందిట్ల? మొన్నటి దాంక మంచిగనే ఉండె. అన్ని లూజు. ఎవరన్న దవాఖానల పడ్డరా?" అన్నాడు.

అతను పోయాక అవ్వ పంచాయితీ పెట్టింది. తీర్పు క్షణంలో వచ్చింది. "తప్పు మనది కాదు, గా రాజుది. గింత సక్కగ ఉంటె పనెట్లయితది? కొడుకా, గానికి ఏదన్న ఐబు పెట్టు."

ఐబు అంటే మా దిక్కు లోపం, వంక, తక్కువ, అన్నీ.

"పుస్తకంల లేనిది నేనెట్ల పెడత అవ్వా?"

"నువ్వెందుకు పెడతవు, మేం లేమా? గిన్నేండ్ల సంది సంసారాలు చేస్తున్నం." అవ్వ అందరివైపూ చూసి ఒక షరతు పెట్టింది. "ఇగ ఇనుండ్రి. దినానికొకరు రాజుకో ఐబు పెట్టాలె. ఉత్తగ కల్పియ్యొద్దు. ఎవ్వల మనిషిది ఆల్లు, ఇంట్ల చూసింది చెప్పాలె."

మొదటిది ఆమే పెట్టింది. పోయిన తన ముసలాయన బజారుకు పోతే దేనికి పోయాడో మరిచి తిరిగొచ్చేవాడట. మర్నాడు మా యువరాజు సేనలన్నీ వెంటేసుకుని యుద్ధభూమికి పోయి, కత్తి ఇంట్లో మరిచి, వెనక్కి వచ్చాడు. పందిరి నవ్విన నవ్వుకు రేకు మీది కాకులు లేచిపోయాయి. చేతులు మాత్రం ఆగలేదు. పైగా వేగం పెరిగింది. అందగాడిని చూస్తే ఆగే చెయ్యి, మనవాడిని చూస్తే ఉషారుగా నడుస్తుందని అప్పుడు తెలిసింది.

ఆ తర్వాత ఐబులు వరదలా వచ్చాయి. ఏనుగుకెదురు నిలిచే యువరాజు బల్లిని చూసి సింహాసనం ఎక్కి నిలబడ్డాడు. అది మా ఎదురింటాయనది. రాజ్యం మీద దండెత్తాలన్నా వాళ్ళమ్మను అడిగి చెప్తాననేవాడు. అది మూలమీది ఇంటాయనది. గురక పెడితే శత్రువులు ఢంకా మోగిందని బారులు తీరేవాళ్ళు. దీనికి మాత్రం ముగ్గురు ఆడవాళ్ళు నాదంటే నాదని కొట్లాడారు.

ఒకసారి క్యాంపు రైతు నస్రుల్లాబాద్‌లో పని చూసుకుని వస్తూ, తన పుస్తకం ఎంత గౌరవంగా చదువుతున్నామో చూద్దామని పందిరి దగ్గర ఆగాడు. సరిగ్గా అప్పుడే యువరాజు బల్లి భయంతో సింహాసనం మీద ఉన్నాడు. ఆయన మొహం పాలిపోయింది.

"ఇదేంటండీ? మా యువరాజు మహావీరుడండి. బల్లేంటండీ?"

అవ్వ తల ఎత్తకుండానే, "మీ ఊర్లె ఉన్నన్ని దినాలు వీరుడే అయ్యా. కాలువ దాటి ఈడికొచ్చినంక గిట్లయిండు" అన్నది.

ఆయన చెప్పులు విడిచి అంచున కూర్చున్నాడు. ఇంకాసేపటికి గొంతు సవరించుకుని, "అయితే ఒకటి పెట్టండి. పొద్దున్నే కాఫీ పడకపోతే యువరాజు ఎవరితోనూ మాట్లాడడు. దేవుడొచ్చినా సరే, కాసేపాగమంటాడు" అన్నాడు.

"గిదెవరిది అయ్యా?" అడిగింది అవ్వ.

"నాదేనమ్మా. మా ఆవిడ ఇక్కడుంటే ఇంకో నాలుగు చెప్పేది."

ఆ రోజు నుంచి ట్రంకుపెట్టె తాళం నా జేబులోనే ఉండేది.

అన్నీ బాగానే ఉన్నాయి. నేను తప్ప. వంతు ఆ పిల్ల దాకా వచ్చినప్పుడల్లా అవ్వ దాటేసేది. "దీనికింకా మనిషి లేడు, ముందుకు నడువుండ్రి." ఆమెకు మనిషి కావాలని పిట్లం నుంచి ఒక పెళ్ళిళ్ళ పెద్దమనిషి తిరుగుతున్నాడు. మద్నూర్ సంబంధం తెచ్చాడు. హైవే మీద లారీలున్న ఇల్లు. పిల్లగాడికి తెలుగు, మరాఠీ రెండూ వచ్చు. నాకు ఉన్న ఒక్క భాషలోనూ ఆ పిల్లతో మాట్లాడే ధైర్యం లేదు. పైగా ఫోటో. స్టూడియోలో జలపాతం పరదా ముందు నిలబడి తీయించుకున్నాడు. జలపాతమే సిగ్గుపడి ఆగినట్టుంది. ఆ ఫోటో చేతులు మారిన మధ్యాహ్నం పందిరిలో బీడీలన్నీ మళ్ళీ లూజు. ఆ పిల్ల ఒక్కతే ఫోటోను చూసి, తల్లికి తిరిగిచ్చి, ఆకు అందుకుంది. నేను బతికి ఉండడానికి ఆ ఆకే కారణం.

నా సంగతి మీకు చెప్పలేదు కదా. నా చెవులు ఎంత పెద్దవంటే, ఎదురుగాలికి సైకిలు వెనక్కి నడిచేది. కుక్క మొరిగితే ఊరి బయట నుంచి చుట్టి వచ్చేవాణ్ణి. ఉద్యోగం లేదు. కొలిచి చూసుకుంటే ఏ తూకంలోనూ లారీకి సరిరాను.

గురువారం మద్నూర్ వాళ్ళు మాట ఖాయం చేసుకునేందుకు వస్తున్నారని ఆమె తల్లి పందిరిలో చెప్పింది. బుధవారం నాడు నేను చదువుతుంటే నా గొంతు చెరువు అడుగు నుంచి వస్తున్నట్టుంది. కథలో యువరాజు రాజకుమారి కోట బయట నిలబడి ఉన్నాడు. అవ్వ మామూలుగానే, "ఇయ్యాల ఎవల వంతు?" అన్నది.

"నాది" అన్నది ఆ పిల్ల.

"నీకేడ ఉన్నడే మనిషి?"

ఆమె ఆకు మడుస్తూనే, ఎవరివైపూ చూడకుండా చెప్పింది. "రాజు పుట తిప్పేముందు వేలు నాలుకకు అద్దుకుంటడు. మొగోల్ల మాటలొస్తే గొంతు బొంగురు జేస్తడు, ఆడోల్ల మాటలొస్తే పీలగ జేస్తడు. ప్రేమ ముచ్చట వచ్చినప్పుడు చెవులు ఎర్రగైతై. కుక్కను జూస్తె గల్లీ మారుస్తడు."

పందిరిలో చేతులన్నీ ఆగిపోయాయి. ఆమెవి తప్ప. అప్పుడే పుట తిప్పబోతున్న నా వేలు నాలుక మీదే ఉండిపోయింది.

అవ్వ నింపాదిగా అడిగింది. "రాజు పుస్తకాలు గూడ సదువుతడా?"

"సదువుతడు. ఇనేటోల్లు ఉండాలె."

"షరతు యాదికున్నదా? ఇంట్ల చూసింది చెప్పాలె. నువ్వు ఎవలింట్ల చూసినవు?"

"ఇంకా పందిట్లనే చూసిన అవ్వా. ఇంట్లకు తెచ్చుకుంటె ఇంట్ల గూడ చూస్త గదా."

మా అమ్మ తలెత్తలేదు కానీ, కట్టాల్సిన దారం కట్టకుండా చేతికే చుట్టుకుంటూ పోయింది. అందరూ ఆ పిల్ల తల్లి వైపు చూశారు. నేను అత్తా అని పిలిచే ఆమె చాటను ఒళ్ళో నుంచి దించి పక్కన పెట్టింది. ఆమె చాట దించడం నేనెప్పుడూ చూడలేదు.

"పని లేదు, పాట లేదు" అన్నది. "రాజుకు రాజ్యం గూడ లేదాయె."

"రాజ్యాలదేమున్నదే" అన్నది అవ్వ. "మన రాజు ఏనాడన్న యుద్ధం గెలిచిండా? ఐనా రోజు ఇంటున్నం."

అత్త నా వైపు తిరిగింది. పరీక్ష హాల్లో కూడా నాకు అంత చెమట పట్టలేదు. "పుస్తకం తియ్. ఆ పోరన్ని ఎండాకాలం సంది కోట బైటనే నిలవెట్టినవు. ముందుగాల గాని పెండ్లి జెయ్. రాజు పెండ్లే చెయ్యనోడు నా బిడ్డనేం జేసుకుంటడు?"

పుట చూస్తే పెళ్ళికి ముందు నలభై పుటల ఘోర యుద్ధం ఉంది. ఏనుగులున్నాయి, విషబాణాలున్నాయి, ఒక ద్రోహి ఉన్నాడు. నేను ఊపిరి పీల్చుకుని, "శత్రువులు ఎందుకో వెళ్ళిపోయారు" అని చదివాను. మరో ఊపిరిలో మూడు ముళ్ళూ వేయించాను. పందిరిలో ఎవ్వరూ యుద్ధమేదని అడగలేదు. అత్త చాట మళ్ళీ ఒళ్ళోకి తీసుకుని, "పనైతే జూసుకో" అన్నది. పిట్లంలో ఒక చిన్న బడిలో తెలుగు చెప్పే పని నేను ఆ నెలలోనే వెతుక్కున్నాను. అంతకు ముందు పిట్లం బస్సు పోతుంటే చూడడమే తప్ప ఎక్కింది లేదు.

గురువారం పొద్దున్నే పెళ్ళిళ్ళ పెద్దమనిషి వస్తే అత్త దాచకుండా చెప్పింది. "మీ పిల్లగాడు మరీ మంచిగున్నడు అన్నా. మాకు సరిపడడు."

ఆయన ఉద్యోగ జీవితంలో అట్లాంటి మాట విని ఉండడు. మద్నూర్ వాళ్ళను దారిలోనే ఆపడానికి వెళ్ళిపోయాడు. సాయంత్రం బస్సుకు మళ్ళీ దిగాడు. దారంతా ఆలోచించినట్టున్నాడు. పందిరి దగ్గర గొంతు తగ్గించి, "అక్కా, పిల్లగానికి గురకున్నదట. లారీ హారన్ గూడ ఇనవడదట. ఇంకేమన్న గావాలంటే అడిగొస్త" అన్నాడు.

"ఫికర్ జెయ్యకు బిడ్డా" అన్నది అవ్వ, ఆయనకు చాయ పోయిస్తూ. "ఆ పిల్లగానికి మంచి పిల్లనే దొరుకుతది. మా రాజు పెండ్లి నిన్ననే ఐపాయె."

మా పెళ్ళి ఆ పందిరి కిందే అయింది. ఎదురింటాయన వచ్చాడు, మూలమీది ఇంటాయన వాళ్ళమ్మను అడిగి వచ్చాడు, గురకల వాళ్ళు ముగ్గురూ వచ్చారు, క్యాంపు రైతు కాఫీ తాగి మరీ వచ్చాడు. వాళ్ళలో ఒక్కరు నిఖార్సైన వీరుడై ఉంటే నాకు ఆ పిల్ల దక్కేది కాదు. నేను వరసపెట్టి అందరి కాళ్ళకూ మొక్కాను. కొందరికి రెండుసార్లు. వాళ్ళు కంగారుపడి నన్ను లేవదీస్తూ, సదువుకున్నోడైనా పిల్లగానికి మర్యాద శానున్నదని ఒకరితో ఒకరు చెప్పుకున్నారు.