వెన్నచెయ్యి వణికిన ఏడాది

ఆ వీధిలో అతన్ని అందరూ వెన్నచెయ్యి అనేవారు. గడ్డం గీస్తుంటే కత్తి చర్మం మీద ఆనిందో లేదో తెలిసేది కాదు. ఇంట్లో అద్దమూ కత్తీ ఉన్నవాళ్ళు కూడా అతని కుర్చీలో కళ్ళు మూసుకుని ఓ కునుకు తియ్యడానికే వచ్చేవారు. మెడ మీద పరాయివాడి కత్తి ఉండగా నిద్రపోవడమంటే మాటలా? ఆ నమ్మకమే అతని ఆస్తి.

ఆ చెయ్యి వణకడం మొదలైంది.

ముందుగా జనం కంట్లో పడింది చెయ్యి కాదు, ఫ్యాను. బయట ముసురు పట్టి అందరూ ముడుచుకుని కూర్చుంటే, సెలూన్లో ఫ్యాను గిర్రున తిరుగుతూనే ఉండేది. కత్తిరించిన జుట్టు గాల్లోకి లేచి, బెంచీ మీదవాళ్ళ టీ గ్లాసుల్లో వాలేది.

"జుట్టు తియ్యమన్నాం గానీ తాగించమన్నామా బాబూ?" అని నవ్వేవాళ్ళు.

అతను నవ్వేవాడు కాదు. చొక్కా వీపుకి అతుక్కుపోయి ఉండేది. ఒకచోట నిలబడలేడు. దువ్వెన తీస్తాడు, పెడతాడు, మళ్ళీ అదే తీస్తాడు. పిలిస్తే తప్ప పలకని మనిషి చిన్నమాటకే కస్సుమనడం నేర్చుకున్నాడు. ఇంట్లో అన్నం గిన్నె ఊడ్చేసి, చెయ్యి ఆరకముందే మళ్ళీ ఆకలనేవాడు. "కడుపా, కొలిమా?" అనేది భార్య. అంత తిన్నా చిక్కిపోతున్నాడు. ప్యాంటు జారకుండా పిన్నీసు పెట్టుకున్నాడు. పడుకుంటే గుండె చప్పుడు దిండులోంచి వినబడేది.

ఒక ఉదయం పాత ఖాతాదారు లెక్కల మాస్టారి చెవి కింద గాటు పడింది. చిన్నదే. ఆయన నెత్తురు తుడుచుకుంటూ ముందుకి వంగి, అతని మూతి దగ్గర గాలి పీల్చాడు.

"ఏంటి సార్?"

"ఏం లేదులే. ఇకనుంచి గడ్డం ఇంట్లోనే గీసుకుంటా."

వీధికి అంతకంటే రుజువు అక్కర్లేదు. చెయ్యి వణికినా, కళ్ళు ఉబ్బినా, కోపం ముక్కు మీద ఉన్నా తాగుడే. మనకి మనుషుల్ని చూడ్డం అలాగే వచ్చు. ముందు గుణాన్ని తప్పుపడతాం, ఒంటి సంగతి ఆనక. నీరసపడ్డ ఆడమనిషి బద్ధకస్తురాలు, లావెక్కినవాడు తిండిపోతు, చిక్కిపోయినవాడు తాగుబోతు. తీర్పు చెప్పడానికి నోరుంటే చాలు. పరీక్ష చేయించడానికి మాత్రం ఎవరికీ తీరిక ఉండదు.

ఇంటివాళ్ళకి ఇంకో భయం కూడా ఉంది. అతని తండ్రి తాగి తాగి పోయాడు. అందుకే అతను ఏనాడూ గ్లాసు ముట్టలేదు. లారీ నడిపే తమ్ముడికి మాత్రం అన్న చేతుల్లో తండ్రి చేతులే కనబడ్డాయి.

"నాన్నకీ ఇలాగే మొదలైంది వదినా."

"నేను తాగలేదురా!"

"నాన్న కూడా ఇదే మాట అనేవాడు."

ఆ మాటకి అతను చేతిలో ఉన్న చెంబు గోడకేసి కొట్టాడు. అది సొట్టపోయింది. "చూశావా?" అన్నట్టు తమ్ముడు వదిన వైపు చూశాడు. ఆమె తల దించుకుంది.

తమ్ముడు సంతకం పెట్టి, ఊరి చివర, ఇనుప గేటు వెనక, తాగుడు మాన్పించే కేంద్రంలో చేర్పించాడు. అక్కడ అతని ప్రతి బాధకీ జవాబు సిద్ధంగా ఉండేది. వణుకా? ఒంట్లోంచి తాగుడు దిగుతోంది. చెమటా, గుండెదడా? అదీ దిగుతోంది. తాగలేదంటున్నాడా? అందరూ అలాగే అంటారు. అతను హాల్లో ఈ గోడనుంచి ఆ గోడకి తిరుగుతూనే ఉన్నాడు.

మనసాగక మర్నాడే చూడ్డానికొచ్చిన భార్యకి, గేటు దగ్గర ఒక పెద్దాయన ఎదురొచ్చాడు. అక్కడికి వచ్చిపోతూ గోడలకంటే పాతబడ్డ మనిషి.

"అమ్మాయ్, మీవాడు మావాడు కాదమ్మా. మాకు ఇక్కడికొచ్చిన కొత్తలో అన్నం చూస్తే డోకు. ఇతను తన కంచం అయ్యాక నా కంచం కూడా అడిగాడు. పొద్దుట్నుంచి ఒళ్ళు పెనంలా కాలిపోతోంది. ముందు లోపలికి పోయి చూడు."

ఆమె పరుగెత్తింది. అతను గోడకి ఆనుకుని పొంతన లేకుండా ఏదో మాట్లాడుతున్నాడు. ఛాతీ మీద చెయ్యి వేసింది. గుండె కొట్టుకోవడం లేదు, తరుముకుంటోంది.

"గేటు తియ్యండి. ఆస్పత్రికి తీసుకెళ్ళాలి."

"చేర్పించినాయన వచ్చి సంతకం పెట్టాలమ్మా."

"గుండె ఈయనది, సంతకం వాడిదా? తియ్యవయ్యా!"

ఆమె కేకకి హాలంతా లేచి నిలబడింది. గేటు తెరుచుకుంది.

ఆస్పత్రిలో డాక్టరమ్మ అతని కళ్ళు చూసింది. గుటక వెయ్యమంది. మెడ కింద చిన్న ఉబ్బు గుటకతోపాటు పైకి కదిలింది. రోజూ అద్దం ముందు నిలబడి ఎన్నో మెడలు చూసినవాడు తన మెడ చూసుకోలేదు.

"థైరాయిడ్. గ్రంథి అవసరానికి మించి పనిచేస్తోంది. ఇలాగే వదిలేసి ఉంటే గుండె తట్టుకునేది కాదు."

"తాగితే వస్తుందా అమ్మా ఇది?" అని అడిగాడు అప్పుడే లారీ వదిలేసి వచ్చిన తమ్ముడు.

"తాగుడికీ దీనికీ సంబంధం లేదు. రక్తపరీక్షతో బయటపడేది."

ఆ కేంద్రంలో సంతకం తప్పనిసరి. చేర్చుకునే ముందు ఒంటిని పరీక్షించడం మాత్రం ఎవరిష్టం వాళ్ళది. పోబోయిన ప్రాణానికి ఈ నియమం రాసినవాళ్ళెవరూ జవాబు చెప్పలేదు, చెప్పమని ఎవరూ అడగనూ లేదు. అడగాలి.

మాత్రలతో నెలలు గడిచాక గుండె నెమ్మదించింది. ఒంటికి కండ పట్టింది. సెలూన్ తలుపు తెరుచుకుంది. జనం వచ్చారు, జుట్టు కత్తిరించుకున్నారు. గడ్డం దగ్గరికి వచ్చేసరికి మాత్రం "ఇవాళ వద్దులే" అని లేచిపోయేవారు. జబ్బు వదిలింది గానీ అది తెచ్చిన పేరు వదల్లేదు. కొత్త బ్లేడు పొట్లాం విప్పకుండానే ఉంది. రోజూ సాయంత్రం అతను చెయ్యి చాపి, వేళ్ళ మీద కాగితం పెట్టి చూసుకునేవాడు. కాగితం కదిలేది కాదు. అయినా మర్నాడు మళ్ళీ చూసుకునేవాడు.

ఒక ఆదివారం బెంచీ నిండా జనం ఉండగా తమ్ముడు వచ్చాడు. మాసిన గడ్డం. ఎవర్నీ అడక్కుండా కుర్చీలో కూర్చుని తల వెనక్కి వాల్చాడు.

"గియ్యన్నయ్యా."

లెక్కల మాస్టారు పేపరు దించాడు. వెన్నచెయ్యి కొత్త బ్లేడు విప్పి, నురగ పూసి, తమ్ముడి గడ్డం ఎత్తి పట్టుకున్నాడు. కత్తి గొంతు మీదికి వచ్చేసరికి తమ్ముడు కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. కుర్చీ చేతుల్ని పట్టుకున్న వేళ్ళు తెల్లబడ్డాయి. కాలు ఆగకుండా ఊగుతోంది.

"ఊపిరి వదల్రా."

"నీ... నీకు కోపం లేదా?"

"ఉంది. ముందు గడ్డం కానీ. కదలకు."