ప్రభువు బల్లకు అమ్మ చేసిన రొట్టె

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. కామాఠిపురాలో మా చాల్‌లోని ఇళ్లన్నిటికీ ఆ సంగతి తెలుసు. అమ్మకు మాత్రం కోపం రావడం నేనెన్నడూ చూడలేదు. ఆ ఆదివారం వచ్చి ఉంటే, నా చెంప పగలగొట్టి ఉంటే, ఇవాళ నాకింత బాధ ఉండేది కాదు.

మా తాత పాలమూరు నుంచి ఇటుకలు మోయడానికి వచ్చి, ఇక్కడే ప్రభువును నమ్ముకున్నాడు. మా గల్లీలోని చిన్న తెలుగు సంఘంలో నెలనెలా మొదటి ఆదివారం ప్రభువు బల్ల ఉంటుంది; ప్రభువును తలచుకుని అందరం ఒకే రొట్టె విరిచి పంచుకుంటాం. దానికి పులియని రొట్టె చేసే పని ముప్పై ఏళ్లుగా అమ్మదే. తెల్లవారగానే తలస్నానం చేసి, పిండి జల్లించి, నోట్లో చాయ్ చుక్క కూడా పోసుకోకుండా పిసికేది. పాట పాడుతూ పిసికేది.

"పొద్దుపొద్దున్నే ఏం కచేరీ పెట్టినవే అమ్మా!" అని నేను దుప్పటి ముసుగేసుకునేదాన్ని.

"రాజు ఇంటికొస్తుండంటే మూతి ముడుసుకొని వండుతరా బిడ్డా?" అని నవ్వేది.

అంత చేసీ ఎప్పుడూ వెనక గోడ పక్కనే కూర్చునేది. రొట్టె ఎవరు చేశారని కొత్తవాళ్లెవరైనా అడిగితే, "ఎవరో అక్క జేసింది" అని జారుకునేది.

పోయిన ఏడు ఆమె కళ్లకు పొర కమ్మింది. ఒక మొదటి ఆదివారం దాదర్ సంఘం నుంచి పెద్దమనుషులు వచ్చారు. పాస్టరు అయ్యగారు రొట్టె ఎత్తి విరిచారు. రెండు ముక్కల మధ్య పొడుగాటి తెల్ల వెంట్రుక వేలాడింది. ఆయన మెల్లగా దాన్ని పక్కకు తీసి ప్రార్థన కొనసాగించారు. నా వెనక ఇద్దరు ఆడవాళ్లు మాత్రం కొంగు అడ్డం పెట్టుకుని నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది. కళ్లు మూసుకుని ఉన్న అమ్మకు ఇదేమీ తెలియదు.

నేను ఆమెకు చెప్పలేదు. మరుసటి నెల ఆమె రొట్టెను స్టీలు డబ్బాలో పెట్టి, మోకాళ్ల నొప్పి వల్ల నన్ను ముందు పొమ్మంది. ఆ డబ్బాను సంచిలో దాచేసి, నాగ్‌పాడా బేకరీకి ఉరికి పావ్ రొట్టె కొని బల్ల మీద పెట్టాను. అయ్యగారు ఏదో అడగబోతే, "ఈసారికి ఇదే" అని తుంచేశాను.

బల్ల దగ్గర ముక్క నోట్లో పడగానే అమ్మ దవడ ఆగిపోయింది. మెత్తటి పావ్! కళ్లు తెరిచి నా కోసం వెతికింది. తర్వాత తల వంచుకుని మింగింది.

ఇంటి మెట్ల మీద ఆగి అడిగింది. "నేను జేసింది యాడున్నది బిడ్డా?"

"నా సంచిల ఉంది. పోయినసారి దాంట్ల ఎంటిక వచ్చింది. దాదరోళ్ల ముంగట నా ఇజ్జత్ తీసినవ్!"

నా ఇజ్జతట! బల్ల ప్రభువుది, కష్టం ఆమెది, మధ్యలో నాదేం పోయిందో.

అమ్మ తల తడుముకుంది. "అయ్యో ప్రభువా" అంది. కొంగు తల మీదికి లాక్కుని, "గప్పుడే జెప్తే రుమాల్ కట్టుకుంటుంటి గద బిడ్డా" అంది.

ఆ మరుసటి నెల నుంచి రొట్టె పని ఇంకో అక్కకు అప్పగించాను. ఆరాధన అయ్యాక అమ్మ ద్రాక్షరసం పోసిన చిన్న చిన్న గిన్నెలన్నీ పోగేసుకుని, నల్లా దగ్గర కూర్చుని కడిగేది. అదే పాట, అదే నవ్వు. అది చూసి, ఈమెకేం బాధ లేదులే అనుకున్నాను. "అమ్మను మళ్లీ చేయమనమ్మా" అని అయ్యగారు రెండుసార్లు అడిగారు. చూద్దాం లెండి అన్నాను.

వానాకాలంలో అమ్మ పోయింది. మూడు రోజుల జ్వరం, అంతే.

సమాధి చేసి వచ్చిన వారానికి పిండి డబ్బా తీశాను. మూత కింద జల్లెడ, జల్లెడలో మడతపెట్టిన తెల్ల రుమాలు. తన ఆదివారం చీర కొంగు చింపి కుట్టుకుంది. కుట్లు వంకరటింకరగా పోయాయి. ఒక్కసారి కూడా కట్టుకున్న జాడ లేదు. "ఈ నెల నువ్వే చెయ్యమ్మా" అని నేను అంటానని సిద్ధం చేసి పెట్టుకుంది.

కళ్లు మసకబారినప్పటి నుంచి సూదిలో దారం ఎక్కించాలంటే నన్నే పిలిచేది. దీనికి పిలవలేదు.