కాలు తగిలిన కాగితం

జగిత్యాల రత్నాకర్ గల్ఫ్‌లో ఒక కంపెనీలో ప్లాన్లు గీసే పని చేస్తాడు. ప్రతి శుక్రవారం మధ్యాహ్నం ముఐథర్‌లోని తన గదిలో స్నేహితులతో ఒక ఆట ఆడిస్తాడు. కథ అతను చెబుతుంటే మిగతావాళ్ళు సూపర్‌హీరోలై పాచికలు వేసి లోకాన్ని కాపాడతారు. మనిషికి తెలివికేం తక్కువ లేదు, బుద్ధే కాస్త ఆలస్యంగా వస్తుంది.

ఆ వారం కథ రక్తి కట్టాలని ప్రళయాన్ని తెచ్చాడు. ముస్లింలు నమ్మే కయామత్ నాడు, చనిపోయినవాళ్ళంతా తిరిగి లేచేలా బూర ఊదే ఫరిష్తాను, అంటే దేవదూతను, విలన్ని చేసి, కొమ్ములు పెట్టి బొమ్మ కూడా గీశాడు.

"బూర ఊదకముందే వీణ్ని పడగొట్టాలె. యల్లా, కానియ్ తల్హా, నీ వంతు!"

కోరుట్ల తల్హా పాచిక పట్టుకుని అలాగే కూర్చున్నాడు. అప్పుడు గుర్తొచ్చింది రత్నాకర్‌కి. నిరుడు తండ్రి పోతే, సెలవు దొరక్క మట్టి వెయ్యడానికి ఊరికి వెళ్ళలేకపోయిన తల్హా ఇదే మంచం మీద ఏడుస్తూ అన్నాడు: "ఆ బూర మోగిన్నాడే ఇగ అబ్బాను చూసుడు అన్నా."

ఆ బూరనే తను ఆటకు ఎత్తుకొచ్చాడు.

"తప్పయింది తమ్మీ, ఉత్త ఆటే గదా అనుకున్న," అంటూ తత్తరపడి లేచాడు. ఆ లేవడంలో బొమ్మ కాగితం జారి కాలికి తగిలింది. చిన్ననాటి అలవాటు కొద్దీ చప్పున వంగి, తీసి కళ్ళకద్దుకున్నాడు.

తల్హా పాచికను మెల్లగా కింద పెట్టాడు.

"కాయితానికి కాలు తగిల్తేనే కండ్లకద్దుకుంటివి గదనే అన్నా."